ఖాళీ కనబడని పేజీ

ఇల్లాలు లేని ఇల్లు ఒక్క రోజైనా నిలబడదని అందరూ అంటారు. అనడమే కాదు, నమ్ముతారు కూడా. అయితే ఈ మాటను పరీక్షకు పెట్టి, ఫలితం ఇదీ అని చెప్పినవాళ్ళు మాత్రం కనబడరు. పరీక్షించాలంటే ముందు ఇల్లాలు ఇంట్లో లేకుండా ఉండాలి. అందుకు ఒప్పుకునేవాళ్ళు ఈ మాట అనేవాళ్ళలో తక్కువ.

మదనపల్లెలో కాపురానికి వచ్చిన ఏడాదే స్నేహ ఈ మాటను మొదటిసారి శ్రద్ధగా వింది. ఆ రోజు చర్చిలో తల్లుల ఆదివారం. పాస్టరుగారు ఆ మాట మీదనే ప్రసంగించి, చివర ఆడవాళ్ళందరికీ తలా ఒక గులాబీ ఇప్పించారు. స్నేహ తన గులాబీని ఇంటికి తెచ్చి, స్టీలు గ్లాసులో నిలబెట్టి, ఆ మధ్యాహ్నం ఇంటినిండా వచ్చిన బంధువులకు వండి వడ్డించింది. భోజనమయ్యాక ఆమె భర్త శరత్ బాబు చేతులు కడుక్కుంటూ తన చిన్నాయనతో, ఈమె లేకుంటే ఈ ఇల్లు నిలబడదని అన్నాడు. అందరూ ఆమె వైపు చూసి నవ్వారు. ఆమె కూడా నవ్వింది. సంతోషంగానే నవ్వింది.

మామూలు రోజుల్లో అదే ఇంట్లో, అదే నోళ్ళ నుంచి, దీనికి సరిగ్గా ఎదురుమాట వచ్చేది. ఇంట్లో ఏం పని ఉండాది, రుబ్బేదానికి గ్రైండరు, ఉతికేదానికి మిషను ఉండాయి కదా అని. స్నేహ ఇంట్లో ఉండేది ఉద్యోగం చేస్తూ. కాలేజీలకూ ఆసుపత్రులకూ వెబ్‌సైట్లు తయారుచేసే ఒక చిన్న బెంగళూరు సంస్థలో ఆమె ప్రోగ్రామరు. భోజనాల బల్ల మీద వంటింటి వైపు మూల ఆమె ఆఫీసు; కుక్కరు కూత వినబడాలి కనుక ఆ మూల. శరత్ బాబు విద్యుత్ శాఖ కార్యాలయానికి వెళ్ళడాన్ని ఇంట్లో ‘డ్యూటీ’ అనేవాళ్ళు. ఆమె చేసేదాన్ని ‘ల్యాప్‌టాప్’ అనేవాళ్ళు. ఎవరైనా ఇంటికి వస్తే అత్తగారు ప్రభావతి, కోడలు ఇంట్లోనే ఉంటాది, ఏందో కంప్యూటర్లో కొట్టుకుంటా ఉంటాది అని పరిచయం చేసేది. మీటింగులో ఉన్నప్పుడు ఎవరు తలుపు తట్టినా తీయవలసింది స్నేహే. గొంతు అవతలివాళ్ళకు వినబడకుండా మీట నొక్కి, పాలవాడితో మాట్లాడి, మళ్ళీ వచ్చి కూర్చునేది. ఎట్లాగూ ఇంట్లోనే ఉంటావు గదా అన్న మాటకు ఆమె జవాబు వెతకడం చాలా కాలం కిందటే మానేసింది.

కాని లెక్క తప్పినట్టు ఒక అనుమానం మాత్రం ఆమెను వదల్లేదు. ఇంట్లో పనేమీ లేదన్నది నిజమైతే, ఆమె లేనంత మాత్రాన ఇల్లు కూలడానికి కారణం ఉండకూడదు. ఆమె లేకుంటే ఇల్లు కూలుతుందన్నది నిజమైతే, ఇంట్లో పనేమీ లేదనడం కుదరదు. రెండు మాటలూ ఒకేసారి నిజం కాలేవు. రెండూ అబద్ధమయ్యే అవకాశం ఒకటి మిగిలి ఉందని అప్పటికి ఆమెకు తోచలేదు.

కాపురానికి వచ్చిన పన్నెండేళ్ళకు, వానల తర్వాత, కుప్పం పని వచ్చింది. కుప్పంలో ఒక ప్రైవేటు కాలేజీ ఉంది. అందులో ఆడపిల్లల హాస్టలు. పిల్లల తల్లిదండ్రులు ఫోనులో చూసుకోవడానికి స్నేహ సంస్థ ఒక పేజీ చేసి పెట్టింది: పేరు నొక్కితే, సాయంత్రం హాజరులో ఆ అమ్మాయి ఉందా లేదా, భోజనం చేసిందా లేదా తెలుస్తుంది. పెద్దమండ్యం దగ్గరి పల్లె నుంచి ఒకాయన ఆదివారం పూట కూతురికి వేరుశనక్కాయలు ఉడికించి తెచ్చాడు. పేజీలో కూతురు హాస్టల్లోనే ఉంది, భోజనం కూడా చేసింది. వచ్చి చూస్తే మంచం ఖాళీగా ఉంది. అమ్మాయికి జ్వరం వస్తే వార్డెను భార్గవి ముందురోజే ఆసుపత్రిలో చేర్చి, ఆ సంగతి కంప్యూటర్లో రాసింది, ఇంటికి ఫోను కూడా చేసింది. ఆయన ఫోను అప్పుడు పలకలేదు. పేజీ మాత్రం ‘ఉంది’ అంటూనే ఉంది. ఆయన నిలదీసింది భార్గవిని. తప్పు ఎక్కడుందో అక్కడికే వచ్చి వెతకమని కాలేజీ వాళ్ళు సంస్థకు రాశారు. ఆ పక్క మదనపల్లెలో ఉన్నది స్నేహ కనుక ఆమెను వెళ్ళమన్నారు.

మూడు రోజుల ప్రయాణానికి ఆమె ముందు వారమంతా సిద్ధపడింది. దోసెపిండి రుబ్బి డబ్బాలకెత్తింది. ఊరిబిండి పచ్చడి, పప్పు, రెండు రకాల పులుసులు ఫ్రిజ్‌లో పెట్టింది. ఆరో తరగతి చదివే కూతురు కరుణ బట్టలు ఇస్త్రీ చేసి జతలు జతలుగా తగిలించింది. అత్తగారి మాత్రలు పూటల వారీగా విడదీసింది. అత్తగారికి రోజూ వేసే ఇన్సులిన్ సూది కోసం వీధి చివరి క్లినిక్‌లో నర్సుతో మాట్లాడిపెట్టింది. ప్రభావతి స్వయంగా నర్సు. ఉద్యోగ విరమణ దాకా మదనపల్లెలో సగం మందికి సూదులు వేసిన మనిషి. అయినా కోడలు వచ్చినప్పటి నుంచి తన సూది తాను వేసుకోలేదు. చెయ్యి వణుకుతుందనేది. చర్చి బల్లమీది గుడ్డకు అల్లిక పని చేసేటప్పుడు ఆ చేతికి వణుకు ఉండేది కాదు. ఆ సంగతి స్నేహ గమనించింది, అనలేదు.

ఈ పని తెలియనివాళ్ళకు ఒక్క మాట చెప్పాలి. తెర మీద కనబడే పేజీకి వెనక ఒక అచ్చు ఉంటుంది. దాన్ని టెంప్లేట్ అంటారు. అచ్చులో అక్కడక్కడా ఖాళీలుంటాయి. ప్రతి ఖాళీకీ ఒక పేరుంటుంది, అదే వేరియబుల్. లోపలి ప్రోగ్రాము ఆ పేరు మీద ఒక విలువను పంపిస్తే ఖాళీ నిండుతుంది. పంపకపోతే పేజీ ఆగిపోయి, ఎర్ర అక్షరాలతో, ఫలానా పేరు మీద నాకేమీ అందలేదని మొరపెట్టుకుంటుంది. ఆ మొర జనం కళ్ళబడటం చాలామందికి ఇష్టముండదు. అందుకని ప్రోగ్రామర్లు ఖాళీ పక్కనే ఒక డిఫాల్ట్ రాసిపెడతారు: విలువ రాకపోతే ఈ మాట చూపించు అని. అప్పుడు పేజీ ఎన్నడూ ఆగదు. ఎన్నడూ మొరపెట్టుకోదు.

కాలేజీ ఆఫీసు సూపరింటెండెంటు సుబ్రమణ్యం మర్యాదస్తుడు. కుర్చీ వేయించి, కాఫీ తెప్పించి, తన అభిప్రాయం చెప్పాడు.

"పేజీలో తప్పు ఉండేదానికి లేదమ్మా. పెట్టినప్పటి నుంచీ ఒక్కసారి గూడా ఆగలేదు. ఒక్క ఎర్రరు రాలేదు."

"నాకు అనుమానం వచ్చింది గూడా అందుకేనండి," అంది స్నేహ.

ఆమె ఆ జ్వరం నాటి హాజరు తెరిచి, పేజీకి అందుతున్న విలువను బయటికి తీసి తెర మీద పరిచింది. భార్గవి రాసినట్టే ఉంది: ఆసుపత్రి. అంటే లోపలి నుంచి పేజీ దాకా నిజం సరిగ్గానే వస్తోంది. తర్వాత పేజీలో హాజరు చూపించే చిన్న ముక్కకు అందుతున్న విలువను కూడా అలాగే తీసి చూసింది. అక్కడ ఏమీ లేదు. ఎవరో ప్రోగ్రామరు, పేజీలో భాగంగా ఉన్న ఆ ముక్కను వేరే చోట్ల కూడా వాడుకుందామని విడదీసి ప్రత్యేకమైన చిన్న టెంప్లేటుగా చేశాడు. అలా విడదీసిన ముక్కకు, చుట్టూ ఉన్న పేజీకి తెలిసినవి వాటంతట అవి తెలియవు. ఏది కావాలో అది చేతికి అందించాలి. అందించడం మరిచిపోయాడు. పైగా, పేజీ ఆగకుండా ఉండాలని, విలువ రాకపోతే ‘ఉంది, భోజనం చేసింది’ అని చూపించమని రాశాడు. అప్పటి నుంచి హాస్టల్లో ఎవరున్నా లేకున్నా, తిన్నా పస్తున్నా, పేజీ అందరూ ఉన్నారనే, తిన్నారనే చెబుతోంది.

స్నేహ ఆ డిఫాల్టును తుడిచేసింది. పేజీ ఆగిపోయి ఎర్ర అక్షరాలు పడ్డాయి. సుబ్రమణ్యం కుర్చీలోంచి లేచాడు.

"బాగుండేదాన్ని యాల చెడగొట్టినావమ్మా?"

"బాగలేదు సార్. బాగుండేట్టు కనబడతా ఉండింది. ఇప్పుడు యాడ తెగిందో కనబడతాండాది."

తర్వాత ఒక్క వరుస రాసి, పేజీ దగ్గరున్న విలువను ముక్క చేతికి అందించింది. పెద్దమండ్యం అమ్మాయి పేరు పక్కన ‘ఆసుపత్రి’ అని పడింది. విలువ నిజంగానే రాని రోజు కోసం ‘ఉంది’ అన్న చోట ‘సమాచారం రాలేదు’ అని రాసింది. గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్న భార్గవి అప్పుడు నోరు విప్పింది. "నేను దినామూ ఉన్నదున్నట్టు రాస్తానే ఉండాను మేడం. అది దాని పాటికి దానిష్టమొచ్చింది సూపిస్తా ఉండాది. తిట్లేమో నాకు." ఆ మాట అనేసి, వెంటనే, తిన్నారా మేడం అని అడిగింది. ఆ ప్రశ్న తనను ఎవరైనా అడిగి ఎన్నాళ్ళయిందో అని స్నేహ లెక్కపెట్టుకుంది.

ఇంటికి వచ్చేసరికి శరత్ బాబు ఉత్సాహంగా ఉన్నాడు. సూసినావా, మూడు దినాలు చిటికెలో జరిగిపాయ, నువ్వు ఊరికే భయపడతావు అన్నాడు. ప్రభావతి చర్చి స్నేహితురాలికి ఫోనులో, కోడలు లేకపోయినా మాకేం ఇబ్బంది కాలేదులేమ్మా అని చెబుతోంది. స్నేహ నింపి పెట్టిపోయిన డబ్బాలన్నీ ఖాళీ అయి, కడగకుండా, సింకులో ఒకదాని మీద ఒకటి ఉన్నాయి.

వారం తిరక్కుండానే కాలేజీ నుంచి పిలుపు వచ్చింది. తమ కంప్యూటరు విభాగం మొత్తం చూసుకోవడానికి ఆమెను నేరుగా తీసుకుంటామన్నారు. ఆవరణలోనే క్వార్టరు ఇస్తారు. ముందు అయిదు రోజులు వచ్చి అక్కడివాళ్ళకు పని నేర్పించి, తర్వాత ఆ శనివారానికల్లా వస్తారో రారో చెబితే చాలన్నారు. తనకు ఒక గది, తలుపున్న గది, వంటింటి కూత వినబడని గది ఉంటుందని తెలిసిన క్షణాన ఆమెకు కలిగింది సంతోషం కంటే ఎక్కువగా ఆశ్చర్యం. అంత చిన్న వస్తువును తాను ఇంతకాలం అడగనైనా లేదే అని.

భోజనాల దగ్గర ఆ సంగతి చెప్పింది. శరత్ బాబు, నువ్వు పోతే ఈ ఇల్లు ఏం కావల్ల అని అడిగాడు.

"నువ్వు ల్యాకుంటే నిలబడేది కాదమ్మా ఇది," అంది ప్రభావతి. ఆ గొంతులో నిజమైన దిగులు ఉంది. "నాకు సూది ఎవురు ఏస్తారు? పాపకు జడ ఎవురు ఏస్తారు? ఆడదాని చెయ్యి ల్యాకుంటే ఇల్లు ఇల్లుగా ఉంటాదా?"

"పోయిన వారం చిటికెలో జరిగిపాయ అంటిరి గదా అత్తమ్మా."

"అది మూడు దినాలు," అన్నాడు శరత్ బాబు. "మాటకు మాట పట్టుకుంటావేమి?"

కరుణ తల వంచుకుని సంగటి ముద్దను పులుసులో తిప్పుతూ కూర్చుంది.

మరుసటి ఉదయం పాత్రలు కడుగుతూ, కుప్పం నుంచి తిరిగివచ్చిన రోజు సింకులో చూసిన డబ్బాలను స్నేహ మళ్ళీ తలచుకుంది. కొన్ని రోజులుగా ఆమె మనసులో నలుగుతున్న పొరపాటు అప్పుడు స్పష్టంగా కనబడింది. ఆ మూడు రోజులూ ఆమె ఇంట్లో లేకపోవడం నిజమే. కాని తాను లేని ప్రతి చోటా తన డిఫాల్టు పెట్టిపోయింది. ఆకలైన చోట డబ్బా ఉంది. స్కూలు గంట దగ్గరపడిన చోట ఇస్త్రీ జత ఉంది. సూది వేళకు నర్సు ఉంది. పేజీ ఆగలేదు కనుక ఆమె లేని సంగతి ఎవరికీ అందలేదు. ఆమె లేకుండానే జరిగిందని వాళ్ళన్నది తప్పు. ఆమె ఉండగానే జరిగింది. అలాగని, ఆమె లేకుంటే జరగదని వాళ్ళు చెబుతున్నదానికీ ఇంకా సాక్ష్యం లేదు. ఎందుకంటే ఆమె లేకుండా ఆ ఇల్లు ఇంతవరకూ ఒక్క పూట కూడా ఉండి చూడలేదు. పెళ్ళయినప్పటి నుంచి తాను పుట్టింటికి పోయినా, కాన్పుకు పోయినా, ముందు వండి, సర్ది, మనుషులకు చెప్పి పోయింది. ఎందుకలా చేసింది? ప్రేమ అనుకునేది. ప్రేమ కొంత ఉంది. కాని దాని కింద ఇంకొకటి ఉందని ఆ ఉదయం ఆమె ఒప్పుకుంది: తాను లేనప్పుడు ఆ ఇంట్లో ఖాళీ కనబడుతుందో లేదో తెలుసుకోవడం అంటే ఆమెకు భయం.

కుప్పం వెళ్ళే ముందు ఆ ఆదివారం ఆమె ఏమీ వండలేదు. సాయంత్రం చెయ్యి దానంతట అది బియ్యం డబ్బా మూత తీసింది, పిండికి నానబెట్టడానికి. కాసేపు ఆ మూత పట్టుకుని నిలబడి, మళ్ళీ పెట్టేసింది. ప్రాణానికి సంబంధించినదాన్ని మాత్రం పరీక్షలో పెట్టడం తప్పనుకుంది. ఇన్సులిన్ ఎక్కడుందో చూపించి, క్లినిక్‌లో ఎవరికీ చెప్పలేదనీ, సూది మీరే వేసుకోవాలనీ అత్తగారికి విడమర్చి చెప్పింది.

"నా చెయ్యి వణుకుతాదమ్మా."

"అల్లిక సూదికి వణకదు గదా అత్తమ్మా."

ప్రభావతి కోడలి ముఖంలోకి చూసి, ఫ్రిజ్ తలుపు మూసింది. సోమవారం పొద్దున స్నేహ బయలుదేరేటప్పుడు శరత్ బాబు పేపరు చదువుతున్నాడు. కరుణ టై వెతుక్కుంటోంది.

కుప్పానికి పుంగనూరులో బస్సు మారాలి. పుంగనూరు బస్టాండు బెంచీ మీద కూర్చున్నప్పుడు మొదటి ఫోను వచ్చింది. ఇడ్లీ కుక్కరు యాడ పెట్టినావు? ఎక్కడుందో ఆమెకు తెలుసు. పై అరలో, పెద్ద తపేలా వెనక. చెబితే, దూరం నుంచి మళ్ళీ డిఫాల్టు పంపినట్టే. వెతకండి, ఆడనే ఉంటాది అంది. ఫోను పెట్టేసి సంచీలో వేసుకుంది. ఎదురుగా మదనపల్లె బస్సు బయలుదేరడానికి సిద్ధంగా ఉంది. కండక్టరు ఊరి పేరు పిలుస్తున్నాడు. ఇప్పుడు ఎక్కితే కరుణ మధ్యాహ్నం అన్నానికి వచ్చేసరికి తాను ఇంట్లో ఉండొచ్చు. పక్కన మల్లెపూల గంపతో కూర్చున్న పెద్దావిడ ఆమెను చాలాసేపటి నుంచి చూస్తోంది.

"యాడికి పోతాండావమ్మా?"

"కుప్పానికవ్వా."

"ఆడ ఎవురుండారు?"

"ఎవురూ లేరు."

"మరి ఆ పక్క? ఆ బస్సునే సూస్తాండావు, మదనపల్లెలో ఎవురుండారు?"

"అందరూ ఉండారు."

పెద్దావిడ గంపను ఇటు జరిపి, నీడ ఉన్న వైపు స్నేహకు చోటిచ్చింది. మదనపల్లె బస్సు వెళ్ళిపోయింది. అప్పుడు స్నేహకు తెలిసింది, తాను పరీక్షించడానికి బయలుదేరింది రెండు మాటలను కాదని. మూడోది ఒకటుంది. ఇడ్లీ కుక్కరు కోసం కాకుండా, టై కోసం కాకుండా, ఊరికే, చేరినావా అని అడగడానికి ఆ ఇంటి నుంచి ఎవరైనా ఒక ఫోను చేస్తారని ఆమె నమ్ముతోంది. ఆ నమ్మకాన్ని ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. తనకు కూడా చెప్పుకోలేదు.

మొదటి రెండు రోజులు ఫోను ఆగకుండా మోగింది. గీజరు స్విచ్చి ఏది? పాలవాడి నంబరేది? గ్యాసు ఎట్లా బుక్ చేస్తావు? కరుణ తెల్ల యూనిఫాం గులాబిరంగుకు తిరిగింది, ఏం వెయ్యల్ల? ఆమె అన్నిటికీ ఒకే జవాబు చెప్పింది: మీరే చూసుకోండి. మంగళవారం సాయంత్రం ఆమె శిక్షణ తరగతి ముగించి వరండాలోకి వచ్చి ఫోను ఎత్తేసరికి శరత్ బాబు గొంతు మారి ఉంది.

"ఇది కావాల్నే చేస్తాండావా?"

"అవును."

అవతల కుక్కరు కూత వినబడింది. ఒకటి, రెండు. ఎవరూ పోయి దించడం లేదు.

"యాల?"

"నేను ల్యాకుంటే ఇల్లు నిలబడదు అంటిరి. నిలబడతాదో లేదో సూద్దామని."

మా అమ్మ నీకు ఏం అన్యాయం చేసింది అని అతడు అడిగాడు. ఎవరూ ఏ అన్యాయమూ చేయలేదని, ఇది శిక్ష కాదని ఆమె చెప్పబోయింది. అప్పటికే ఫోను పెట్టేశాడు. శిక్ష కాకపోతే మరేమిటో ఆమె తనకు తాను చెప్పుకోవడానికి ప్రయత్నించింది. సుబ్రమణ్యం లేచి నిలబడి అడిగిన మాటే గుర్తొచ్చింది, బాగుండేదాన్ని యాల చెడగొట్టినావమ్మా అని. అక్కడ జవాబు సులభంగా వచ్చింది. ఇక్కడ తెర మీద పడిన ఎర్ర అక్షరాల్లో తన కూతురు ఉంది, తన భర్త అలసట ఉంది, ఏళ్ళ తరబడి తానే తోమి మెరిపించిన ఇల్లు ఉంది. ప్రోగ్రాములో తప్పు వెతికేవాళ్ళకు ఒక సౌకర్యం ఉంటుంది: ఆ పేజీ వాళ్ళను ప్రేమించాలని వాళ్ళు ఎదురుచూడరు.

బుధవారం ఫోను తక్కువగా మోగింది. కరుణ ఒక ఫొటో పంపింది, వంకరగా వేసిన జడ. అవ్వ వేసిందని కింద రాసింది. స్నేహ ఆ జడను వేళ్ళతో పెద్దది చేసి చూసింది. పాపిట ఒక పక్కకు పోయింది. అయినా జడే. బాగుందని జవాబు రాసింది.

గురువారం ఫోను రాలేదు. పొద్దున రాలేదు, మధ్యాహ్నం రాలేదు. కొత్త గదిలో కూర్చుని, తలుపు వేసుకుని, కాలేజీ కుర్రవాళ్ళు రాసిన టెంప్లేట్లు దిద్దుతూ, ఆమె నిమిషానికోసారి ఫోను తిప్పి చూసింది. ఆ గదిలో ఏ కూతా వినబడదు. తాను కోరుకున్న నిశ్శబ్దం సరిగ్గా ఇదే. అది ఇంత బరువుగా ఉంటుందని ఎవరూ చెప్పలేదు. సాయంత్రం హాజరు రాయడానికి వచ్చిన భార్గవిని, తన నంబరుకు ఒకసారి ఫోను చేయమని అడిగింది. భార్గవి ఎందుకని అడగకుండా చేసింది. బల్ల మీద ఫోను వెలిగి, గట్టిగా మోగింది. సిగ్నలు ఉంది. గంట ఉంది. లోపం ఫోనులో లేదు.

"తిన్నారా మేడం?" అని అడిగింది భార్గవి, వెళ్ళబోతూ.

ఆమె తినలేదు. ఇద్దరూ హాస్టలు మెస్సుకు వెళ్ళి, పిల్లల మధ్య కూర్చుని సాంబారన్నం తిన్నారు.

శుక్రవారం సాయంత్రం ఆమె మదనపల్లె చేరింది. స్టవ్వు మీద పాలు పొంగి మాడిన మరకలు ఉన్నాయి. చెత్తబుట్టలో హోటలు పొట్లాలు ఉన్నాయి. ఇడ్లీ కుక్కరు బయట ఉంది. కడిగి బోర్లించి ఉంది. శరత్ బాబు తీగ మీది బట్టలు తీస్తున్నాడు. ఎట్లనో జరిగిపాయ అన్నాడు. ఈసారి ఆ మాటలో చిటికె లేదు. నడుము పట్టేసిండాది అంటూ ప్రభావతి మంచం మీద ఒత్తిగిలింది. సూది వేసుకున్నారా అని స్నేహ అడిగితే, ఏసుకుంటినిలే, రెండు పూటలా అంది. చెయ్యి వణికిన సంగతి ఎత్తలేదు. కరుణ వచ్చి తల్లి పక్కన నిలబడి, మంగళవారం బడికి పోలేదనీ, బుధవారం ఆలస్యంగా పోయిందనీ, తర్వాత నుంచి నాన్నే లేపుతున్నాడనీ వరుసగా చెప్పింది. స్నేహ సంచీ దించి, చెంబుతో నీళ్ళు ముంచుకుని తాగింది.

ఇల్లు నిలబడింది. ఇంట్లో పని ఉంది. అయిదు రోజులు దానికి ముగ్గురు మనుషులు పట్టారు, శరత్ బాబు రెండు రోజులు సెలవు పెట్టాడు. ఆ అయిదు రోజుల్లో ఇంటి నుంచి వచ్చిన ప్రశ్నల్లో, కుప్పం చేరినావా అన్నది లేదు. శనివారం పొద్దున స్నేహ కాలేజీకి ఫోను చేసి వస్తానని చెప్పింది. వేసవి సెలవుల తర్వాత ఏ ఊళ్ళో చదువుతావని కరుణను అడిగింది. కరుణ ఆలోచించి చెబుతానంది. ఆ ఆదివారం స్నేహ దోసెపిండికి నానబెట్టలేదు. సోమవారం పుంగనూరులో దిగి, కుప్పం బస్సెక్కింది.